ఒక ఆట చూసి ఓపెనింగ్ నేర్చుకోవడం అంటే ఏంటి? అరోనియన్-ఆనంద్ 2013 ఆటని విప్పి చూద్దాం

2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయిన దగ్గర్నుంచి, నాకు తెలిసిన ఇళ్లలో పిల్లల్ని చెస్ క్లాసులకి పంపడం మామూలైపోయింది. దాంతోపాటే ఒక సందేహం కూడా తరచూ వినపడుతోంది. కోచ్‌లు "పెద్ద ఆటగాళ్ల ఆటలు చూడండి, ఓపెనింగ్ బాగుపడుతుంది" అంటారు. పిల్లలు చూస్తారు కూడా. ఫోన్‌లో బాణం గుర్తు నొక్కుకుంటూ నలభై ఎత్తుల ఆటని రెండు నిమిషాల్లో దాటించేసి "భలే ఆట" అంటారు. వారం తర్వాత టోర్నమెంట్‌లో ఎనిమిదో ఎత్తుకే తల పట్టుకుని కూర్చుంటారు. మరి చూసింది ఎటు పోయింది?

పిల్లల సంగతి ఎందుకు, నాదీ అదే కథ. సెమీ-స్లావ్ అనే ఓపెనింగ్‌ని పద్నాలుగు ఎత్తుల దాకా పొల్లు పోకుండా బట్టీ పట్టి ఒక చిన్న టోర్నమెంట్‌కి వెళ్లాను. ఎదురుగా స్కూలు పిల్లాడు. ఐదో ఎత్తుకే నా పుస్తకంలో లేనిది ఆడాడు. అది గొప్ప ఎత్తేం కాదు, కానీ అంతకుముందు నేను ఆడిన నాలుగు ఎత్తులు ఎందుకు ఆడానో నాకే తెలీదు కాబట్టి, దాన్ని ఏం చేయాలో పాలుపోలేదు. ముప్పై ఎత్తుల్లోపే చేతులెత్తేశాను.

ఒక ఆట నుంచి ఓపెనింగ్ నేర్చుకోవడం అంటే అసలు ఏం నేర్చుకున్నట్టు? ఊరికే మాటల్లో చెబితే గాల్లో తేలిపోతుంది కాబట్టి నిజంగా జరిగిన ఒక ఆటని తీసుకుని, ఎత్తు ఎత్తుకీ ఆగి చూద్దాం.

## ముందు నాలుగు మాటలు తేల్చుకుందాం

ఓపెనింగ్ అంటే ఆట మొదటి ఘట్టం. పావులు ఇంట్లోంచి బయటికొచ్చి, రాజు ఒక మూల భద్రంగా సర్దుకునే దాకా జరిగేది. పదో ఎత్తుకి అయిపోవచ్చు, ఇరవయ్యో ఎత్తు దాకా సాగొచ్చు, గీత గీసి ఇక్కడ ముగిసింది అనడానికి లేదు.

థియరీ అంటే పెద్ద సిద్ధాంతమేం కాదు. ఇంతకుముందు వేలమంది ఆడి, విశ్లేషించి, "ఇక్కడ ఇది ఆడితే ఇలా ఉంటుంది" అని పోగేసిన అనుభవం. అందులో ఒక దారిని లైన్ అంటారు. ఆ దారిలో ఎవరూ ఆడని ఎత్తు ఎవరైనా ఆడితే అది నావెల్టీ. ఇంట్లో కూర్చుని ఇలాంటివి సిద్ధం చేసుకోవడం ప్రిపరేషన్.

ఇంకో మాట బ్రేక్. ఎదుటివాడి బంట్ల గోడని గుద్దడానికి మనం ముందుకు తోసే బంటు. ఈ వ్యాసమంతా దీని చుట్టూనే తిరుగుతుంది కాబట్టి గుర్తుంచుకోండి.

గడుల పేర్లు ఎడమ నుంచి ఎ, బి, సి అంటూ హెచ్ దాకా, కింద నుంచి 1 నుంచి 8 దాకా. తెల్లరాజు మొదట ఈ1లో, నల్లరాజు ఈ8లో. ఇక పావుల పేర్లు. గుర్రం, బంటు, రాజు అందరికీ తెలిసినవే. మిగతా వాటికి ఇంట్లో పెద్దవాళ్లు మంత్రి, ఏనుగు అంటారు, బిషప్‌కైతే ఊరికో పేరు. అందుకే వాటికి టోర్నమెంట్ హాల్లో అనే క్వీన్, రూక్, బిషప్ అనే వాడతాను.

అంతా బట్టీ పట్టేస్తే సరిపోదా అనేవాళ్లకి చిన్న లెక్క. మొదటి ఎత్తుకి తెలుపు ముందు 20 దారులు. నలుపు కూడా ఒక ఎత్తు ఆడేసరికి 400. తెలుపు రెండో ఎత్తుకి 8,902. నలుపు రెండో ఎత్తు అయ్యేసరికి 1,97,281. ఇద్దరూ ఇంకా రెండేసి ఎత్తులే ఆడారు! అందులో చాలావరకు చెత్త ఎత్తులే అనుకోండి, అయినా చెత్త ఎత్తుని చెత్త అని గుర్తుపట్టాలంటే బట్టీ పనికిరాదు.

## ఏ ఆట, ఎందుకు

2013 జనవరి. నెదర్లాండ్స్‌లో సముద్రం ఒడ్డున వైక్ ఆన్ జీ అనే చిన్న ఊరు. ఏటా టాటా స్టీల్ టోర్నమెంట్ అక్కడే జరుగుతుంది. తెల్లపావులతో అర్మేనియాకి చెందిన లెవాన్ అరోనియన్, అప్పటికి ప్రపంచ ర్యాంకింగ్‌లో మూడోవాడు. నల్లపావులతో విశ్వనాథన్ ఆనంద్, అప్పటికి ప్రపంచ చాంపియన్. అన్నట్టు ఆ ఏడాది అదే గ్రూపులో మన గుంటూరు హరికృష్ణ కూడా ఆడాడు, అంతకుముందు ఏడాది బి గ్రూపు గెలిచి పైకొచ్చాడు. టోర్నమెంట్ కార్ల్‌సన్ గెలిచాడు, కానీ ఇప్పటికీ జనం చెప్పుకునేది ఈ ఆట గురించే.

ఆట 23 ఎత్తుల్లో ముగిసింది. అంటే దాదాపు మొత్తం ఓపెనింగే. అందుకే ఎంచుకున్నాను. అరవై ఎత్తులు సాగిన ఆటలో ఓడిపోవడానికి కారణం ఓపెనింగా, నలభయ్యో ఎత్తులో అలసటా అన్నది విడదీయడం కష్టం. ఇక్కడ ఆ బెడద లేదు.

## మొదటి ఎనిమిది ఎత్తులు: ఇంట్లో ఇరుక్కున్న రెండు బిషప్‌లు

తెలుపు బంటు డి4, నలుపు బంటు డి5. తెలుపు సి4, నలుపు సి6. తెల్లగుర్రం ఎఫ్3, నల్లగుర్రం ఎఫ్6. రెండో తెల్లగుర్రం సి3, నలుపు బంటు ఈ6. నలుపు సి6, ఈ6 రెండూ కలిపి ఆడితే దాన్ని సెమీ-స్లావ్ అంటారు. ఇదే స్థానానికి వేరే వరసలోనూ రావచ్చు, ముందు గుర్రం ఎఫ్6, తర్వాత ఈ6, డి5, సి6 అలా. దారి వేరైనా చేరిన చోటు ఒకటే అయితే దాన్ని ట్రాన్స్‌పోజిషన్ అంటారు. వరసని మాత్రమే గుర్తుపెట్టుకున్నవాడు ఇక్కడే మొదటి దెబ్బ తింటాడు, తనకి తెలిసిన స్థానమే కళ్లముందున్నా పోల్చుకోలేడు.

ఈ6 ఆడగానే నలుపుకి ఒక తలనొప్పి మొదలవుతుంది. సి8లో ఉన్న బిషప్‌కి సొంత బంటే దారి మూసేసింది. తర్వాతి ఎత్తులో తెలుపు కూడా ఈ3 ఆడతాడు, దాంతో సి1లో ఉన్న తెల్లబిషప్ పరిస్థితీ అంతే. ఇద్దరికీ తలో బిషప్ ఇంట్లో ఇరుక్కుంది. ఎవరు తమదాన్ని ముందు బయటికి తెచ్చుకుంటారు? ఈ ఓపెనింగ్ మొత్తానికి కీలకం ఈ ప్రశ్నేనని నాకనిపిస్తుంది.

ఐదో ఎత్తులో నల్లగుర్రం డి7కి. ఆరో ఎత్తు: తెలుపు బిషప్ డి3కి వచ్చింది. సరిగ్గా అప్పుడే నలుపు డి5 బంటుతో సి4 బంటుని కొట్టాడు. ముందే ఎందుకు కొట్టలేదు? బిషప్ ఎఫ్1లో ఉండగా కొడితే అది ఒక్క ఎత్తులో సి4కి వచ్చి బంటుని తిరిగి తీసుకునేది. ఇప్పుడు డి3కి ఒకటి, సి4కి ఇంకొకటి, రెండు ఎత్తులు ఖర్చు. ఈ ఒక్క ఎత్తు లాభాన్నే టెంపో అంటారు. తెలుపు వాళ్లు చాలామంది ఆరో ఎత్తుకి బిషప్ కదపకుండా క్వీన్‌ని సి2లో పెట్టి వేచి చూసేది కూడా ఇందుకే. మీరు ముందు కొట్టండి, తర్వాత నేను కదుపుతాను అన్నట్టు. మన బస్సుల్లో సీటు దగ్గర "మీరు కూర్చోండి", "లేదు మీరు కూర్చోండి" అన్నట్టుంటుంది గానీ ఇక్కడ మర్యాదేమీ లేదు.

ఏడో ఎత్తు: తెల్లబిషప్ సి4 బంటుని కొట్టగానే నలుపు బి5 తోసి ఆ బిషప్‌ని మళ్లీ బెదిరించాడు. ఎనిమిదో ఎత్తులో అది తిరిగి డి3కే పోయింది. ఈ దారికి మెరాన్ అని పేరు.

ఇక్కడ నలుపుకి దారులు చీలతాయి. బంటు ఎ6, బిషప్ బి7, బిషప్ డి6. ఆనందే 2008లో బాన్ నగరంలో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో క్రామ్నిక్ మీద ఎ6 దారిలో నల్లపావులతో రెండు ఆటలు గెలిచాడు. ఇక్కడ మాత్రం బిషప్‌ని డి6లో పెట్టాడు. దీన్నిబట్టి ఒక విషయం తెలుస్తుంది: అక్కడ ఒకే ఒక్క సరైన ఎత్తు అంటూ ఏమీ లేదు. మూడూ ఆడదగ్గవే, మూడింటి వెనకా ఉన్న కోరిక ఒక్కటే.

## సి5 ముందా, ఈ4 ముందా

ఆ కోరిక సి5.

బి5 ఆడటంతో బి7 గడి ఖాళీ అయింది, ఇరుక్కున్న బిషప్ అక్కడికి రావచ్చు. పదో ఎత్తులో వచ్చింది కూడా. కానీ వచ్చి చూస్తే ఎదురుగా సొంత సి6 బంటు, గోడలా. ఆ బంటు సి5కి పోతే తప్ప బిషప్‌కి చూపు ఆనదు. పోతే మాత్రం బి7 నుంచి జి2 దాకా, ఆ వెనకున్న తెల్లరాజు దాకా తిన్నగా కనిపిస్తుంది. అలాగని సి5 ఊరికే రాదు, సి6 బంటు అక్కడుండి బి5 బంటుని కాస్తోంది. అది కదిలితే బి5కి కాపు పోతుంది.

తెలుపు వైపు చూస్తే వాళ్లకి కావలసింది ఈ4. మధ్యలో రెండు బంట్లు పక్కపక్కన నిలబడతాయి, సి1 బిషప్‌కి దారి దొరుకుతుంది, నలుపు గుర్రాన్ని తరమొచ్చు.

ఇద్దరూ కోట కట్టి రాజుల్ని మూలకి చేర్చాక, పదో ఎత్తులో తెల్లక్వీన్ సి2కి వచ్చింది. పదకొండో ఎత్తులో తెలుపు ఎ3 ఆడాడు. చూడ్డానికి ఏమీ తోచక ఆడిన చిన్న బంటు ఎత్తులా ఉంటుంది. ఫోన్‌లో నొక్కుకుంటూ పోయేవాళ్లు దీన్ని అసలు చూడరు. కానీ ఎ3 తర్వాత బి4 వస్తే సి5 గడికి తాళం పడినట్టే. అంటే అరోనియన్ కూడా సి5 గురించే ఆలోచిస్తున్నాడు, ఆపడానికి. బదులుగా ఆనంద్ రూక్‌ని సి8లో పెట్టాడు, సి బంటు కదిలితే ఆ దారంతా రూక్‌దే.

నేనైతే ఈ ఆటలో నేర్చుకోవాల్సింది పదకొండో ఎత్తు దగ్గరే ఉందంటాను. ఎ3కి, రూక్ సి8కి. కళ్లు చెదిరే ఎత్తులు ఆ తర్వాత వస్తాయి గానీ అవన్నీ ఈ సి5 కథలోంచి పుట్టినవే.

## పన్నెండో ఎత్తు నుంచి ఆట స్వభావమే మారిపోతుంది

తెలుపు బి4 ఆడలేదు. గుర్రాన్ని జి5కి దూకించాడు. డి3 బిషప్, సి2 క్వీన్, జి5 గుర్రం, మూడూ కలిసి నల్లరాజు పక్కనున్న హెచ్7 బంటు మీద పడుతున్నాయి. మామూలుగా మనలాంటివాళ్లు ఇక్కడ భయపడి హెచ్6 ఆడతారు, లేదా జి6 ఆడతారు.

ఆనంద్ సి5 ఆడాడు. హెచ్7 తీసుకో, నాకు సి5 కావాలి.

తెల్లగుర్రం హెచ్7 బంటుని కొట్టింది. దాన్ని గుర్రంతో తిరిగి కొడితే తెల్లబిషప్ చెక్‌తో వచ్చి బంటు లాభంతో కూర్చుంటుంది. అందుకని నలుపు దాన్ని అక్కడే వదిలేసి తన గుర్రాన్ని జి4కి దూకించాడు. ఇప్పుడు డి6 బిషప్, జి4 గుర్రం రెండూ తెల్లరాజు ముందున్న హెచ్2 మీద గురిపెట్టాయి. తెలుపు ఎఫ్4 తోసి బిషప్ దారికి అడ్డం పెట్టాడు. నలుపు సి5 బంటుతో డి4లో కొట్టాడు, తెలుపు ఈ3 బంటుతో తిరిగి కొట్టాడు. పదిహేనో ఎత్తు: డి6 బిషప్ సి5కి వచ్చి, కావాలంటే నన్ను కొట్టుకో అన్నట్టు డి4 బంటు ఎదురుగానే కూర్చుంది. కొడితే నల్లగుర్రం సి5లో తిరిగి కొట్టి డి3 బిషప్‌ని బెదిరిస్తుంది, డి వరస తెరుచుకుని నల్లక్వీన్ దిగిపోతుంది.

తెలుపు బిషప్‌ని ఈ2కి తెచ్చి జి4 గుర్రాన్ని బెదిరించాడు. అప్పుడు వచ్చింది పదహారో ఎత్తు. డి7 గుర్రం ఈ5కి! ఎఫ్4 బంటు నోటి ముందుకే వెళ్లి నిలబడింది.

ఇక్కడ ఆగి లెక్క వేద్దాం, ఎందుకంటే ఇది చేత్తో వేయగలిగిన లెక్కే. డి4 బంటు ఆ గుర్రాన్ని కొట్టలేదు, అది పక్కకి జరిగితే సి5 బిషప్ నుంచి జి1 రాజుకి చెక్. ఎఫ్4 బంటుతో కొడితే? డి7 ఇప్పుడు ఖాళీ, కాబట్టి నల్లక్వీన్ డి8 నుంచి తిన్నగా వచ్చి డి4 బంటుని కొట్టి చెక్ చెబుతుంది. రాజు హెచ్1కి తప్పుకుంటాడు. క్వీన్ జి1కి పోయి మళ్లీ చెక్, తనని తాను బలిస్తూ. రాజు ఆ క్వీన్‌ని కొట్టలేడు, సి5 బిషప్ వెనక నుంచి కాస్తోంది. రూక్‌తోనే కొట్టాలి. కొట్టగానే జి4 గుర్రం ఎఫ్2కి, ఆటకట్టు. రాజు చుట్టూ సొంత రూక్, సొంత బంట్లే, కదలడానికి చోటు లేదు.

అరోనియన్ ఆ గోతిలో పడలేదు. బిషప్‌తో జి4 గుర్రాన్ని కొట్టాడు. నల్లబిషప్ డి4 బంటుని కొట్టి చెక్, రాజు హెచ్1కి, ఈ5 గుర్రం జి4లో తిరిగి కొట్టింది. తెల్లగుర్రం ఎఫ్8 రూక్‌ని కొట్టింది. దాన్ని తిరిగి కొట్టకుండా నలుపు ఎఫ్5 తోసి, సి2 నుంచి హెచ్7కి పోయే తెల్లక్వీన్ దారి మూసేశాడు. గుర్రం జి6కి వచ్చి నల్లక్వీన్ హెచ్4కి రాకుండా కాపలా కాసింది. క్వీన్ ఎఫ్6కి వచ్చి, తెలుపు హెచ్3 ఆడాక ఆ గుర్రాన్నే కొట్టేసింది. ఇంకో రెండు ఎత్తుల తర్వాత తెల్లక్వీన్ డి3లో నిలబడి అడ్డవరసలో హెచ్3 బంటుని కాస్తోంది, నల్లక్వీన్ హెచ్5లో ఉంది. 23వ ఎత్తు: నల్లబిషప్ ఈ3కి. తెల్లక్వీన్‌కీ హెచ్3కీ మధ్యలో అడ్డంగా. జి2 బంటు హెచ్3లో కొట్టడానికి లేదు, బి7 బిషప్ చూపు దాన్ని దాటి రాజు మీదే ఉంది. అరోనియన్ ఓటమి ఒప్పుకున్నాడు.

బి7 బిషప్ చూడండి. తొమ్మిదో ఎత్తు దాకా ఇంట్లో ఇరుక్కున్నది, ఆట ముగిసేసరికి తెల్లరాజుని కట్టిపడేసింది.

## పావులు ఎన్నిసార్లు కదిలాయో లెక్కపెడితే

ఇది ఇంజన్ (చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) అక్కర్లేని పని, పెన్ను కాగితం చాలు. తెలుపు మొత్తం 23 ఎత్తులు ఆడాడు. అందులో ఐదు ఒక్క బిషప్‌వే: డి3, సి4, డి3, ఈ2, జి4. ఇంకో ఐదు ఒక్క గుర్రానివి: ఎఫ్3, జి5, హెచ్7, ఎఫ్8, జి6. రెండూ చివరికి చచ్చిపోయాయి. 23లో పది ఎత్తులు రెండు పావుల మీదే పోయాయి. మరి సి1 బిషప్? ఆట ముగిసేసరికి సి1లోనే ఉంది. ఎ1 రూక్? ఎ1లోనే. ఈ4 తోయడానికి తెలుపుకి తీరికే దొరకలేదు.

లెక్కలో తెలుపే ఒక రూక్‌కి బదులు ఒక బిషప్ మాత్రమే ఇచ్చి లాభంలో ఉన్నాడు, బంట్లు చెరి ఐదు. కానీ ఇంట్లో పడుకున్న రూక్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అలాగని "ఒకే పావుని పదేపదే కదపకూడదు, అందుకే ఓడిపోయాడు" అని తేల్చేస్తే అదీ తప్పే. బిషప్ కదిలిన ప్రతిసారీ కారణం ఉంది, మొదటి మూడు కదలికలు మెరాన్‌లో అందరూ ఆడేవే. గుర్రం జి5కి వెళ్లకుండా బి4 ఆడి ఉంటే కథ వేరేగా ఉండేది. లెక్క మనకి ఎక్కడ చూడాలో చూపిస్తుంది గానీ ఎందుకో చెప్పదు.

## 1907లో లోడ్జ్, 1924లో మెరానో

ఈ ఆట అయిపోగానే పాత ఆటలు తెలిసినవాళ్లందరికీ ఒకటే గుర్తొచ్చింది: 1907లో పోలండ్‌లోని లోడ్జ్‌లో రోట్లెవి మీద అకిబా రూబిన్‌స్టీన్ గెలిచిన ఆట. అక్కడ ఓపెనింగ్ వేరు, టారాష్ రకం. కానీ బొమ్మ ఒకటే. నల్లబిషప్‌లు బి7లో ఒకటి, బి6లో ఒకటి, రెండూ తెల్లరాజు మీదికే. నల్లగుర్రం జి4లో. రూక్ సి8లో. తెల్ల బంటు ఎఫ్4లో, తెల్లరాజు హెచ్1లో. రూబిన్‌స్టీన్ క్వీన్‌ని కూడా వదిలేసి గెలిచాడు.

ఇంకో తమాషా. మెరాన్ అన్న పేరు ఇటలీలోని మెరానో అనే ఊరి నుంచి వచ్చింది. 1924లో అక్కడ జరిగిన టోర్నమెంట్‌లో ఈ పద్ధతితో గ్రున్‌ఫెల్డ్‌ని ఓడించింది కూడా రూబిన్‌స్టీనే.

ఆనంద్ 1907 ఆట చూసి ఈ ఎత్తులు కనిపెట్టాడని నేను అనడం లేదు. 2012లో గెల్ఫండ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ కోసం చేసుకున్న తయారీలోంచి ఇది వచ్చిందని ఆనందే ఆట తర్వాత చెప్పాడు, అంటే మనుషులు, కంప్యూటర్లు కలిసి చేసిన పని. కానీ 1907 ఆట తెలిసినవాడికి, పదమూడో ఎత్తులో గుర్రాన్ని జి4కి దూకించాలన్న ఊహ కొత్తగా కనిపించదు. ఒక ఆటని ఇంకో ఆట పక్కన పెట్టి చూడటంలో ఉన్న లాభం ఇదే.

## బట్టీయా, అవగాహనా?

చెస్ ఆడేవాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు ఇది.

ఒక వర్గం వాదన: పదునైన లైన్లలో అవగాహన నిన్ను కాపాడదు. అరోనియన్‌కి అవగాహన తక్కువా? ప్రపంచంలో మూడోవాడు. అయినా ఎదుటివాడు ఇంట్లో చూసుకొచ్చిన దాన్ని బోర్డు ముందు కూర్చుని గడియారం నడుస్తుండగా తేల్చాల్సి వచ్చింది, 23 ఎత్తుల్లో అయిపోయింది. కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిందే.

రెండో వర్గం: గుర్తుపెట్టుకున్నది ఎదుటివాడు పక్కకి తిరిగేదాకే. నా పద్నాలుగు ఎత్తుల కథలో లాగా.

మూడో వర్గం ఇంకా కటువుగా మాట్లాడుతుంది. మామూలు ఆటగాళ్ల స్థాయిలో ఓపెనింగ్ ఏదైనా ఒకటే, ఇరవయ్యో ఎత్తులో ఎవడో ఒకడు గుర్రాన్ని ఊరికే వదిలేస్తాడు, ఆట అక్కడ తేలుతుంది, కాబట్టి ఆ సమయం ఎండ్‌గేమ్‌కి, అంటే కొద్ది పావులే మిగిలే చివరి ఘట్టానికి పెట్టు. పాతకాలపు ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా అంతటివాడు ఎండ్‌గేమే ముందు నేర్చుకోమన్నాడు. అసలీ గొడవే వద్దని బాబీ ఫిషర్ 1996లో వెనక వరస పావుల్ని కలిపేసి 960 రకాలుగా మొదలుపెట్టే ఆటే తెచ్చాడు. ఇప్పుడు ఫ్రీస్టైల్ అంటూ ఊపందుకున్నది అదే.

నా మటుకు నాకు, మొదటి రెండు వర్గాలూ ఒకే ఆటలోని రెండు వేరు వేరు ముక్కల గురించి మాట్లాడుతున్నాయనిపిస్తుంది. అరోనియన్-ఆనంద్‌నే తీసుకోండి. మొదటి ఎత్తు నుంచి పదకొండు దాకా ప్రతి ఎత్తునీ మాటల్లో చెప్పొచ్చు: బిషప్ ఇరుక్కుంది, టెంపో, సి5, బి4తో తాళం. అర్థమైతే బట్టీ అక్కర్లేదు, మర్చిపోయినా మళ్లీ కట్టుకోవచ్చు. కానీ పదమూడు నుంచి పదహారు దాకా? గుర్రం ఈ5కి ఎందుకు పనిచేస్తుందంటే, లెక్క వేస్తే పనిచేస్తుంది కాబట్టి. అంతకు మించి కారణం లేదు. ఒక బంటు ఒక గడి పక్కనుంటే పనిచేయదు. అలాంటి చోట గుర్తుండాలి, లేదా అక్కడే కూర్చుని లెక్క వేయగలగాలి. మూడో వర్గం మాటా కొట్టిపారేసేది కాదు. ఆ నాలుగు ఎత్తుల లెక్క వేయలేనివాడికి మెరాన్ నేర్పి లాభం తక్కువ.

## గెలిచినవాడి ఓపెనింగే మంచిదా?

ఆటలు చూసి నేర్చుకోవడంలో పెద్ద మోసం ఇక్కడుంది. ఫలితం ముందే తెలుసు కాబట్టి గెలిచినవాడి ఎత్తులన్నీ గొప్పగా, ఓడినవాడివన్నీ తెలివితక్కువగా కనిపిస్తాయి. 2024 ప్రపంచ చాంపియన్‌షిప్ పద్నాలుగో ఆటలో అప్పటి చాంపియన్ డింగ్ తెల్లపావులు, గుకేశ్ నల్లపావులు. నలుపు గెలిచింది. కాబట్టి ఆ ఓపెనింగ్ నలుపుకి మంచిదా? ఆ ఫలితాన్నిబట్టి ఏమీ చెప్పలేం. డ్రా అవుతుందనుకున్న ఎండ్‌గేమ్‌లో 55వ ఎత్తున డింగ్ రూక్‌ని ఎఫ్2కి తెచ్చి పొరపాటు చేశాడు, ఆట అక్కడ పోయింది. మొదటి పదిహేను ఎత్తులకీ దానికీ సంబంధం లేదు.

ఆడిన ఆటలన్నీ పోగేసిన డేటాబేస్‌లో కనిపించే శాతాలూ ఇంతే. ఒక ఎత్తు పక్కన 70 శాతం గెలుపు అని కనిపించిందనుకోండి. అది పది ఆటల మీద లెక్కా, పదివేల ఆటల మీద లెక్కా? ఆ పదిలో ఆరు ఆటలు ఒకే గ్రాండ్‌మాస్టర్ తనకంటే బాగా తక్కువవాళ్లతో ఆడినవైతే ఆ 70 చెబుతున్నది ఆటగాడి గురించి, ఎత్తు గురించి కాదు.

మరి ఇంజన్? స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ ఉచితం, మనుషులెవరికీ అందనంత బలమైనది. అది 0.3 చూపిస్తే తెలుపుకి బంటులో మూడో వంతు పాటి ఆధిక్యం ఉందని స్థూలంగా అర్థం. తప్పులు పట్టడానికి దానికి తిరుగులేదు. కానీ తర్వాత వరసగా పది ఖచ్చితమైన ఎత్తులు ఆడితేనే నిలబడే స్థానానికీ, ఎలా ఆడినా నిలబడే స్థానానికీ అది ఒకే అంకె చూపించగలదు. దాని దృష్టిలో రెండూ ఒకటే, మనకి కాదు. ఇంకో చిక్కుంది. అంకె ముందే చూసేస్తే మనసు ఆలోచించడం మానేస్తుంది, ఎ3 ఎందుకు ఆడాడో అడగబుద్ధి కాదు. పాతకాలం వాళ్లు చెక్క బోర్డు మీద, తర్వాతి ఎత్తుని కాగితంతో మూసి, ఊహించి, అప్పుడు తెరిచి చూసేవాళ్లు. నెమ్మదిగా సాగే పద్ధతే, కానీ ఊహ తప్పిన ప్రతి చోటా మనకేం తెలీదో బయటపడుతుంది.

పెద్దవాళ్ల ఆటలకంటే సొంత ఆటలు చూసుకోవడమే మేలనే వాదనా ఉంది. పాత ప్రపంచ చాంపియన్ బొత్విన్నిక్ దాన్ని గట్టిగా నమ్మినవాడు, సొంత ఆటల్ని విశ్లేషించి అచ్చు వేస్తే నలుగురూ తప్పులు పట్టి సరిచేస్తారనేవాడు. నిజానికి ఈ రెండూ కలిసే చోటు ఒకటుంది. నేను ఐదో ఎత్తులో తడబడిన ఆ ఓడిపోయిన ఆట లేకపోతే, ఆనంద్ ఆటలో నేను వెతికేది ఆ మెరుపుల్నే. ఓడిపోయాక చూసినప్పుడు మాత్రం నా కళ్లు ఎ3 దగ్గర ఆగాయి.

## ఎదుటివాడు ఈ లైన్ ఆడకపోతే?

ఆడడు. మామూలు టోర్నమెంట్లలో మెరాన్ పదహారో ఎత్తు దాకా వచ్చేవాడు నాకింకా తగల్లేదు. మన దగ్గర, ఆన్‌లైన్‌లో కూడా, తెలుపుతో డి4 ఆడేవాళ్లలో చాలామంది వెంటనే బిషప్‌ని ఎఫ్4కి తెచ్చేస్తారు. లండన్ అంటారు దాన్ని. అప్పుడు ఈ ఆటంతా వృథాయేనా?

పోల్చి చూద్దాం. లండన్‌లో తెలుపు ఈ3 ఆడకముందే సి1 బిషప్‌ని బయటికి తెచ్చేసుకున్నాడు. అంటే మన ఆటలో అరోనియన్‌కి చివరిదాకా తీరని సమస్య ఇక్కడ రెండో ఎత్తుకే తీరిపోయింది. అందుకే అది అంత మందికి నచ్చుతుంది. కానీ బదులుగా వదిలేసిందేంటి? సి4 ఆడలేదు. డి5 మీద ఒత్తిడి లేదు, అందువల్ల నలుపు దాన్ని కాయడానికి సి6 ఆడాల్సిన అవసరమూ లేదు. ఆనంద్ సి బంటుని రెండో ఎత్తులో సి6కీ, పన్నెండో ఎత్తులో సి5కీ, రెండు విడతలుగా తోసి, మధ్యలో తొమ్మిది ఎత్తులు ఆ క్షణం కోసం ఆగాడు. లండన్ మీద అదే బంటు ఇంకా సి7లోనే ఉంటుంది, ఒక్క తోపుతో సి5కి పోతుంది, మూడో ఎత్తుకే.